కపిల దగ్గర కొత్త పాట

ఈ చలికాలం నాకు రెండు కొత్త అలవాట్లు పట్టాయి. ఒకటి కాఫీ, రెండోది సొంతంగా పాటలు కట్టడం. ఈ పొద్దున బావి దగ్గర, ఎద్దులతో నీళ్లు తోడే కపిల తోలుతూ, రోజూ పాడే పాట మాని నాది ఎత్తుకున్నాను. పాత పాటలో చరణం చివర రాగం తీస్తేనే, వెనక్కి నడిచే ఎద్దులు ఆగుతాయి. నా చరణం సాగుతూనే ఉంది. ఎర్రెద్దు వెనక కాలు గట్టు అంచున జారింది.

"తాతా, నీ కవిత్వం ఆపు! ఎద్దు బావిలో పడతాండాది!" అని పక్కన కూర్చుని, నీళ్లు తోడే ఇంకో తోలుబాన కుడుతున్న ఖాదర్ అరిచాడు.

వెంటనే పాత రాగం తీశాను. ఎద్దులు ఆగాయి.

"యాల, పాట బాగలేదా?" అన్నాను.

"బాగుండాది తాతా. ఎద్దుకు తెలీదు గదా!"

పాట మార్చుకోమంటారా? నేను మార్చను. రేపు ఎద్దులు జారకుండా గట్టుకు అడ్డంగా దూలం వేసి, ఎద్దులకే నా పాట నేర్పుతాను. మీరేమంటారు?