పదకొండు సూర్యాస్తమయాలు, ఒక స్తంభం

మా చిన్నాన్నకు ఫోటో స్టూడియో ఉంది. సూర్యుడు అస్తమించే వేళ ఆయన చేతికి కెమెరా వచ్చిందంటే ఎదురుగా పెళ్లికూతురున్నా ఆయన కంటికి ఆనదు. వెలుతురు కొలత ఆకాశాన్ని చూసే పెడతాడు. దాంతో ఆకాశం బంగారంలా మెరిసిపోతుంది, కింద మనుషులు బొగ్గుముక్కల్లా నిలబడతారు. ఒకసారి ఒక పెళ్లికూతురి తల్లి ఆల్బమ్ తిరగేసి, "మా అమ్మాయి ఎటుంది బాబూ?" అని అడిగింది. "ఎడమవైపు" అన్నాడు, రవ్వంత కూడా తడుముకోకుండా.

నేను ఆయన అన్నకూతుర్ని. స్టూడియోలో కంప్యూటర్ పని నాదే. ముందుభాగం కాస్త వెలిగిద్దాం చిన్నాన్నా అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఆయనదొకటే మాట: "సూర్యుడు రోజుకోసారే అస్తమిస్తాడే. మనిషి మొహం రోజంతా ఉంటుంది." ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

పద్దెనిమిదేళ్లుగా ఏటా పెళ్లిరోజు సాయంత్రం ఆయన పిన్నిని ఊరి చివర వంతెన మీదకు తీసుకెళ్లి ఫోటో తీస్తాడు. వాటిలో తనకు నచ్చిన పదకొండింటికి ఫ్రేములు కట్టించి ఇంట్లో ముందుగదిలో వరసగా తగిలించాడు. వచ్చినవాళ్లందరికీ వాటిని చూపిస్తే గానీ మంచినీళ్లు కూడా ఇవ్వనివ్వడు. ఆ గోడంటే ఆయనకు ప్రాణం.

మొన్న మా ఇంటి కొత్త కోడలు, మా అన్నయ్య భార్య, మొదటిసారి ఆ గోడ ముందు నిలబడింది. పదకొండూ శ్రద్ధగా చూసి, "చాలా బాగున్నాయి మావయ్యా. కానీ అన్నిట్లోనూ ఈ స్తంభం ఎందుకుంది?" అంది.

ఆ స్తంభం కాఫీ గ్లాసులు పట్టుకుని వెనకాలే నిలబడి ఉంది.

పిన్ని గ్లాసులు బల్లమీద పెట్టింది. "ఏవండీ, ఆదివారం లోపల వీటిల్లో నా మొహం కనబడాలి. లేకపోతే పదకొండూ గోడ దిగుతాయి" అంది. అరవలేదు. అరిచి ఉంటే చిన్నాన్న అంత భయపడేవాడు కాదు.

మర్నాడు పొద్దున్నే నా కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నాకు జాలేసింది. అబద్ధమెందుకు, కొంచెం సంతోషం కూడా కలిగింది. అదృష్టం కొద్దీ కెమెరా తీసిన అసలు ఫైళ్లన్నీ దాచిపెట్టాడు. మనకు నల్లగా కనిపించే చోట కూడా అందులో కాస్త వెలుగు దాగి ఉంటుంది.

మొదట తానే చేస్తానని మౌస్ లాక్కున్నాడు. ఫోటో మొత్తానికి వెలుగు పెంచేసరికి ఆకాశం ఉతికి ఆరేసిన దుప్పటిలా తెల్లబోయింది. గుండె పట్టుకున్నాడు. తర్వాత పిన్ని ఆకారం చుట్టూ గీత గీసి, అంతవరకే ఒక్కసారిగా వెలిగించాడు. మొహమంతా ఇసుక చల్లినట్టు చుక్కలు, తలచుట్టూ తెల్లటి వలయం. అంతటితో ఊరుకోక దాన్ని ఇంటికి తీసుకెళ్లి చూపించాడు.

"గిన్నెలు తోమే దేవతని ఎక్కడైనా చూశారా?" అంది పిన్ని. "ఇంక మూడు రోజులుంది."

అప్పుడు నా మాట విన్నాడు. ఆకాశాన్ని వేరుగా పట్టుకుని దాని మెరుపు చిటికెడు తగ్గించాం. కింది నీడల్ని మెల్లమెల్లగా పైకి లేపాం. జుట్టు దగ్గర అంచు మెత్తగా కలిపి, చీర మడతల్లో కాస్త చీకటి ఉండనిచ్చాం. స్తంభానికి ముందు చెవి వచ్చింది, తర్వాత ముక్కు, ఆ తర్వాత మొహమంతా. పిన్ని! పద్దెనిమిదేళ్ల కిందటి పిన్ని! నోరు తెరుచుకుని ఉంది.

రెండోది చేశాం. నోరు తెరిచే ఉంది. మూడోదీ అంతే. శనివారానికి పదకొండు మొహాలు వెలుగులోకొచ్చాయి, పదకొండు నోళ్లూ తెరిచే ఉన్నాయి.

"ఒక్క నిమిషం నోరు మూసుకుని నిలబడలేకపోయావా?" అన్నాడు చిన్నాన్న, కొత్త ప్రింట్లు పిన్ని ముందు పరుస్తూ.

పిన్ని వాటిని ఒక్కొక్కటే చూసింది. "మొహం కనిపిస్తోందా అని అడుగుతున్నానండీ."

"అన్నిట్లోనా?"

"ఏటా అడిగాను. మీరేమో కెమెరాలోంచి తల ఎత్తకుండా బ్రహ్మాండంగా వచ్చింది అనేవారు. ఆకాశం సంగతని నాకేం తెలుసు?"

చిన్నాన్న ప్రింట్లన్నీ దగ్గరికి లాక్కుని, పదకొండు నోళ్లనూ మళ్లీ మొదటినుంచీ చూశాడు.

ఆదివారం సాయంత్రం నన్ను కూడా రమ్మన్నాడు. వంతెన మీద అలవాటు కొద్దీ పిన్ని వెళ్లి సూర్యుడి ముందు నిలబడింది. ఆయన ఆవిడ భుజాలు పట్టుకుని ఇటు తిప్పాడు. ఇప్పుడు ఎండంతా పిన్ని మొహం మీద, సూర్యుడు చిన్నాన్న వీపు వెనక. కెమెరా ఎత్తాడు.

"మొహం కనిపిస్తోందా?" అంది పిన్ని.

ఈసారి కెమెరా దించి మరీ చూశాడు. "కనిపిస్తోంది."

"ఆకాశం ఎలా ఉంది?"

"చూడలేదు" అని కెమెరా మళ్లీ ఎత్తాడు.

గోడకెక్కిన పన్నెండో ఫోటోలో పిన్ని నోరు మూసుకునే ఉంది.