డానియల్ చూసే చందమామలు

దేవరకొండ కంటి క్లినిక్‌లో ఫొటోలు తీసే డానియల్‌కు మనుషుల ముఖాలు గుర్తుండవు. కంటి లోపలి పొర మాత్రం గుర్తుంటుంది. సొంత మేనత్తనే "ఎవలమ్మా నువ్వు?" అని అడిగి, ఫొటో తీశాక "అరె, నువ్వా అత్తా! ఎప్పుడొచ్చినవ్?" అన్న ఘనుడు.

కౌంటర్లో చీటీలు రాసే స్వరూపకు అతనితో పెద్ద తంటా. చాయ్ తెచ్చినవాడు, కరెంటు బిల్లు తెచ్చినవాడు, దారి అడగడానికి ఆగినవాడు, ఎవరు దొరికినా "జర గదువ పెట్టుర్రి" అని గడ్డం ఆనించి మిషన్ ముందు కూర్చోబెడతాడు. ఆ తర్వాత లోకం మరిచిపోతాడు. తెర మీద నారింజ రంగు ఆకాశం, అందులో ఎర్రటి వాగులు, వాగులన్నీ పుట్టేచోట లేత పసుపు చందమామ. చూస్తూ చూస్తూ ఉంటే చాయ్ మీద మీగడ కట్టేది. ఫొటోలు తీసే ఆ చీకటి గదిలోకి వెళ్తే స్వరూపకూ ఎక్కడో మేడ మీద పడుకుని ఆకాశం చూస్తున్నట్టే ఉండేది. ఆ మాట అతనికి చెబితే ఇంకేమైనా ఉందా!

"అన్నా, బయట పదిమంది కూసున్నరు!"

"గీ చందమామ అంచు చూడు చెల్లె, ఎంత సక్కగున్నదో!"

పత్తి ఏరే రోజుల్లో సైదమ్మ వచ్చింది, తలకు గుడ్డ బిగించి కట్టుకుని. ట్రాక్టర్ డబ్బా మీది నుంచి పడి నెలయిందట. అప్పటినుంచి తలనొప్పి, చూపు మసక.

"అద్దాలియ్యి బిడ్డా. పత్తి ఏరబోవాలె."

"ఎవలవ్వా నువ్వు?" అంటూనే డానియల్ ఫొటో తీశాడు. ఈసారి కలల్లోకి జారుకోలేదు. గబగబా పాత ఫొటో వెతికి పక్కన పెట్టాడు.

"సైదమ్మవ్వా, పోయినేడు నీ చందమామ అంచు గీత గీసినట్టుండె. ఇప్పుడు ఉబ్బి చెదిరిపోయింది. గా చందమామంటే మెదడు నుంచి వచ్చే నరం కొస. తలల ఏదో ఒత్తుతాంది. నల్లగొండ పోవాలె, ఇప్పుడే."

"పత్తి ఎవలేరుతరు, మీ తాతనా?"

"నేనేరుత, నడువు!"

ఆ రోజు క్లినిక్‌కు రాని డాక్టరూ ఫోన్లో ఆలస్యం చేయొద్దన్నాడు. డానియల్ కారు కిరాయికి మాట్లాడాడు. కౌంటర్ మూసి స్వరూపా ఎక్కింది. భయం తట్టుకోలేక దారిలో ఏదో ఒకటి అడిగింది.

"గింతమంది ఫొటోలు ఎందుకు దాస్తవన్నా?"

"మంచిగున్నప్పటిది లేకుంటే, బాగలేనప్పుడు దేనితోని పోల్చాలె చెల్లె?"

ఇన్నేళ్లూ దాన్ని పిచ్చి అనుకున్నందుకు స్వరూపకు సిగ్గేసింది.

దవాఖానలో స్కాన్ తీస్తే పుర్రె కింద నెత్తురు పేరుకుని ఉంది. ఆ రోజే తీసేశారు. ఇంకో వారమైతే మనిషి దక్కేది కాదన్నారు.

నెల తర్వాత ఓ సాయంత్రం క్లినిక్ ముందు ట్రాక్టర్ ఆగింది. గుండు మీద కొంగు కప్పుకుని సైదమ్మ దిగింది. ఆమె వెనక పత్తి ఏరే ఆడవాళ్లు పద్దెనిమిది మంది.

"అందరికీ మసకనా అవ్వా?" స్వరూప హడలిపోయింది.

"ఎవలకేం కాలే. గందుకే తోల్కొచ్చిన. మంచిగున్నప్పుడే ఫొటో తీపియ్యాలెనట గద!"

స్వరూప ఇంటికి వెళ్లే బస్సు సంగతి వదిలేసి, కొత్త చీటీల కట్ట విప్పింది.