ఆరు, మల్లా ఆరు, ఎనిమిది

ఈశ్వరయ్య నోట 'ఏడు' అనే అంకె ఎవరూ వినలేదు. దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో నలభై ఏళ్లుగా పాలు పోస్తున్న మనిషాయన. వాళ్ల నాయన జొన్నలు కొలిచేవాడు. కొలిచేటప్పుడు ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఏడు అంటే ఏడవమన్నట్టే కాబట్టి, ఆరు తరవాత 'మల్లా ఆరు' అనాలి. ఆ అలవాటు ఈయన పాల డబ్బాకు వచ్చింది, అక్కణ్నుంచి బతుకంతా పాకింది. మనవడు నందు ఏ క్లాసని అడిగితే, ఆరు పాసైండు, ఎనిమిదికి పోతడు అనేవాడు. మధ్యలో ఆ పిల్లవాడు ఎక్కడ కూర్చుని చదివాడో దేవుడికే తెలియాలి.

ఇలాంటి పట్టింపులంటే నాకు ఒళ్లు మంట. అయినా ఆయన్ను వదులుకోలేకపోయాను. మలక్‌పేటలో మా ఇంటికీ ఆయనవే పాలు. ఆఫీసు కుర్చీలో నడుములు విరిగిన నాలాంటి వాళ్లను పోగేసి, ఆదివారాలు మూసీ వెంట పల్లెల దాకా నడిపించాలని నాకు బుద్ధి పుట్టినప్పుడు, దారి తెలిసిన మనిషి ఈయనొక్కడే దొరికాడు. బర్రెల గడ్డి కోసం ముప్ఫై ఏళ్లు ఆ గట్టు తొక్కాడు. నగరం దాటాక మూసీ కంపు మూసీదే గాని, రెండు పక్కలా పచ్చగడ్డి మడులు, తాటిచెట్లు, బండల మీద తెల్ల కొంగలు, చూడటానికి రెండు కళ్లూ చాలవు. ముక్కు మూసుకుని ఫొటోలు తీసుకునే మావాళ్లను చూసి ఆయన నవ్వుకునేవాడు.

ఆయన భార్య బుచ్చమ్మ చాయ్ ఫ్లాస్కు సంచిలో వేసుకుని మాతో వచ్చేది. ఆగిన ప్రతిచోటా ఈశ్వరయ్య మమ్మల్ని వరుసగా నిలబెట్టి భుజం తట్టి లెక్కపెట్టేవాడు. ఏడో స్థానం ఎప్పుడూ బుచ్చమ్మదే. పరాయి బిడ్డను ఆ అంకెలో నిలబెట్టడానికి ఆయనకు మనసొప్పదు. ఆమె దగ్గరికి వచ్చేసరికి భుజం తట్టడు, కనీసం చూడడు. 'మల్లా ఆరు' అని దాటిపోతాడు. ఇంటిదాన్ని లెక్కపెట్టుడేంది అంటాడు.

ఆ జనవరి ఆదివారం, బుచ్చమ్మతో కలిపి పదకొండు మందిని నడిపిస్తూ ప్రతాపసింగారం వైపు బయలుదేరాడు. తెల్లవారినా వెలుతురు లేదు. గట్టు మీద పొగమంచు, నీళ్ల మీద మోకాలెత్తు తెల్లటి నురగ. నేల ఎక్కడ ఆగిందో, ఏరు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఒక్క పిట్ట కూయలేదు. నది నడిమధ్య నుంచి బర్రె మెడగంట వినిపించింది. కాసేపటికి ఆ బర్రె ఏటికి ఇవతల, మా పక్క గడ్డిమడిలోంచి బయటికి వచ్చింది. మంచుల చెవిని నమ్మొద్దని ఈశ్వరయ్య హెచ్చరించాడు.

ఏరు వంక తిరిగే చోట ఆగాం. ఆయన భుజాలు తడుతూ వచ్చాడు. లాభం, రెండు, మూడు... ఆరు, మల్లా ఆరు, ఎనిమిది. ఎనిమిది నేను. నా ముందు చోటు ఖాళీగా ఉందని నాకూ తట్టలేదు, సిగ్గులేకుండా చెబుతున్నాను. లెక్క పదకొండుకు సరిపోయింది. నడక సాగించాం.

కొంత దూరం పోయాక మోటారు గది దగ్గర కూర్చున్నాం. బిస్కెట్లు బయటికి వచ్చాయి, చాయ్ రాలేదు. పెద్దమ్మ ఏదని నేనే అడిగాను.

ఈశ్వరయ్య వెనక్కి పరుగెత్తాడు, మేమూ ఆయన వెంటే. వంక దగ్గర ఆగి, పేరు పెట్టి పిలుద్దామంటే చెయ్యి అడ్డం పెట్టాడు. ఏటి పక్కన మంచులో మనిషి పేరు పిలవకూడదట, విన్న దయ్యమేదో ఓ అని పలుకుతుందట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మాత్రం గొంతెత్తి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తన లెక్క వింటే ఆమె ఎక్కడున్నా వచ్చి నిలబడుతుందని నమ్మకం. లాభం నుంచి పదకొండు దాకా, మళ్లీ లాభం నుంచి. మంచులోంచి జవాబు లేదు. నాలుగోసారి గొంతు జీరపోయింది. నా వైపు తిరిగాడు.

"దాన్ని ఒక్కపారి గూడ లెక్కపెట్టలే బిడ్డా," అన్నాడు.

మళ్లీ అందుకున్నాడు. నాలుగు, ఐదు, ఆరు. ఆగాడు. "ఏడు," అని అరిచాడు. ఆపైన ఎనిమిది రాలేదు. అక్కడే చతికిలబడి ఏడ్చాడు.

మంచు విచ్చాక కనిపించింది బుచ్చమ్మ. వంకకు అవతలి పక్క, మా గట్టు కిందే బురదలో గొంతుక్కూర్చుని ఉంది. ఒళ్లో పొన్నగంటి కూర. పాదాలకు జానెడు దూరంలో నురగ, దాని కింద నిలువెత్తు నీళ్లు. పై నుంచి చూస్తే అది సున్నం చల్లిన బాటలాగే ఉంది.

చుట్టూ తిరిగి పోయి లేపబోతే, ఆమె ముందు మొగుడి చెయ్యి గిల్లి చూసింది. మనిషేనని తేలాకే నోరు విప్పింది. కూర తెంపుతూ వెనకబడిందట. ఆయన లెక్క వినిపిస్తే గొంతు వైపే నడిచిందట. ఆ గొంతు నీళ్ల మీది నుంచే వచ్చిందట.

"ఆరు దాన్క నీ లెక్కనే అన్నది. అవుతల ఏడు అన్నది. నా మొగడు గట్లనడు, ఇది మనిషి గాదని ఆడ్నే కూసున్న," అంది. తరవాత ఆయన కళ్లలోకి చూసింది. "నువ్వనలే గద?"

మేమందరం విన్నవాళ్లమే.

"నేనెందుకంట," అన్నాడు ఈశ్వరయ్య.

ఆమె నురగ వైపు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఊళ్లోకి వెళ్లేదాకా ఆమె వణుకు తగ్గలేదు. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ఉన్నమాట చెబితే ఆ ముసలిదాని భయం తీరేది కదా. ఆమెకు వినపడకుండా వెనక్కి లాగి, అబద్ధం ఎందుకు చెప్పావు బాపూ అని నిలదీశాను.

"గా అంకె ఇనే ఆగింది గద బిడ్డా," అన్నాడు. "ఇంకోపారి గూడ ఆగాలె."