రజియా మేడం ఒడిలో గడియారం

శుక్రవారం పొద్దున మాలాంటి తల్లుల వాట్సాప్ గ్రూపులో ఆ వార్త వచ్చింది. మొఘల్‌పురా రజియా మేడం ఇక లేరు. గుండెపోటట. మా అమ్మాయి సాహితి టిఫిన్ డబ్బాకు మూత పెట్టబోతూ చదివాను. వచ్చే సోమవారం మేము వెళ్లాల్సింది ఆమె దగ్గరికే.

మెదడులో గడ్డకు చికిత్స జరిగిన పిల్లల జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఆలోచనా వేగం ఎలా ఉన్నాయో ఏటా పరీక్షించే నిపుణురాలు ఆమె. సాహితికి గడ్డ తీశారు, రేడియేషన్ అయింది, స్కాన్ బాగుందన్నారు. ఇక భయం లేదని చుట్టాలంతా ఊపిరి పీల్చుకున్నారు. మేడం పని అక్కడే మొదలైంది.

ఆమె స్టాప్‌వాచ్ ఎప్పుడూ ఒడిలో, దుపట్టా కొంగు కిందే ఉండేది. "గడియారం నా పని, జవాబు నీ పని" అనేవారు పిల్లలతో.

రెండో ఏడు నేనొక తప్పు చేశాను. మేడం అంకెలు చెబితే పిల్ల వాటిని వెనక నుంచి చెప్పాలి. ఉప్పుగూడలో మా ఇంట్లో నెల రోజులు సాహితితో అదే సాధన చేయించాను. తక్కువ వస్తే మందబుద్ధి అని రాస్తారేమోనని నా భయం. పరీక్ష రోజు పిల్ల గడగడా చెప్పేసింది. మేడం పెన్ను మూసి నన్ను పక్కకు పిలిచారు.

"ఎన్ని రోజులు నేర్పించినవ్ బిడ్డా?"

"నెల రోజులు, మేడం."

"మస్తు కష్టపడ్డవ్. కానీ గిట్ల తయారుచేసి తెస్తే నాకు పిల్ల కనబడదు, నువ్వు కనబడ్తవ్. నీకే పరీక్ష పెట్టాల్నా ఏంది?"

నవ్వబోయి ఏడ్చేశాను. నా భుజం మీద చెయ్యి వేశారు.

"పిల్ల యాడ ఆగుతదో తెలిస్తెనే కదా, ఆడ చెయ్యి పట్టుకునేది. ఫికర్ చెయ్యకు."

వేరే పరీక్షలు పెట్టి చూశారు. పిల్లకు అన్నీ వచ్చు, నిదానంగా వస్తాయి, అంతే. పరీక్షల్లో అరగంట ఎక్కువ ఇమ్మని బడికి ఉత్తరం రాశారు. హెడ్మాస్టరు ఒప్పుకోకపోతే ఆటోలో తానే వచ్చారు. "కాలికి కట్టున్న పిల్లను ఉరకమంటరా సార్? ఈ పిల్లకు కట్టు లోపలుంది, గంతే."

సగం కాగితం ఖాళీగా వదిలేసే నా కూతురు ఈ ఏడాది పరీక్షలో చివరి ప్రశ్న దాకా రాసింది.

సోమవారం మేడం బదులు వేరొకరు పరీక్షిస్తారట. నిన్న సాహితి అడిగింది: "అమ్మా, కొత్త మేడం గడియారం కనబడేటట్టు పెడ్తే?"

"నువ్వు దాన్ని చూడకు. ఎంతసేపు పట్టినా సరే, నిదానంగా చెప్పు."

అలా పిల్లల కంట పడకుండా గడియారం పట్టుకునే చెయ్యి మాకు మళ్లీ దొరకదు. సోమవారం ఎలా ఉంటుందోనని భయంగానే ఉంది. అయినా ఈసారి నా బిడ్డకు ఒక్క అంకె కూడా నేర్పలేదు. మేడం, మీకు నా నమస్కారం ఇదే.