ఖాజాబీ చేతిలో పొడిగుడ్డ

ఖాజాబీ పగబట్టిందని మా ఆత్మకూరులో ఎవరికీ తెలియదు. తెలిసే వీలు మేమే లేకుండా చేసుకున్నాం. తాగుబోతు పెళ్ళామని ఆమెతో మాటలు మానేశాం. అలా మానేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను, సిగ్గుతోనే చెబుతున్నాను.

పెద్ద కరువు పోయి పెన్నకు నీళ్ళొచ్చిన కాలం. ఒక కంట్రాక్టరు ఆవిరి పడవ తెప్పించి, మా రేవు నుంచి సున్నపురాయి తోలించేవాడు. పొయ్యిలో కట్టెలు వేసేది నేను. ఇంజను నడిపేది ఉదయగిరి నుంచి వచ్చిన లాల్ బాషా, ఖాజాబీ మొగుడు. మా అందరి మీదా మేస్త్రీ చెంచురామయ్య.

ఇంజను ఆగాక లోపల మిగిలిన ఆవిరి చల్లబడి నీళ్ళవుతుంది. వాడిన ఆవిరి బయటికి పోయే గొట్టం మొదట్లో ఒక ఇనుప పెట్టె ఉంటుంది, ఆ నీళ్ళు అందులో నిలుస్తాయి. అడుగునున్న కొళాయి విప్పి దించెయ్యాలి. దించకుండా మళ్ళీ ఆవిరి వదిలితే నీళ్ళు ఎగిరి కొట్టి పెట్టె పగులుతుంది. లాల్ బాషా రోజూ దించేవాడు. చివర్లో కొళాయి కింద తెల్లగుడ్డ పట్టి, అది తడవకపోతేనే పడవ దిగేవాడు. దించిన నీళ్ళు బిందెలో పట్టి ఇంటికి తీసుకుపోయేవాడు. ఆ నీళ్ళకు కుంకుడు నురుగు బాగా వస్తుందని ఖాజాబీకి ఇష్టం.

ఒక గురువారం పొద్దున ఆవిరి వదలగానే పెట్టె పగిలింది. లాల్ బాషా ఒళ్ళంతా ఉడికిపోయింది. మాట పడిపోయి రెండు రోజులు బతికాడు.

"సారా తాగి నీళ్ళు దించడం మరిచినాడు" అన్నాడు చెంచురామయ్య.

జన్మలో సారా ముట్టని మనిషి! "ఆయన దించిన నీళ్ళు ఇయ్యేనయ్యా, బిందె నిండా ఉండాయి" అని ఖాజాబీ నెత్తీనోరూ కొట్టుకుంది. పెన్న నీళ్ళు పోసుకోనుంటావులే అన్నాం. ఉదయగిరిలో లాల్ బాషా తల్లి మస్తాన్బీ అయితే, తాగి చచ్చినోడి పేరు నా ముందర ఎత్తొద్దని కోడలి ముఖానే తలుపేసింది.

ఏడాది తిరిగింది. కొత్త పెట్టె బిగించారు. నీళ్ళు దించే పని ఖాజాబీ అడిగి పుచ్చుకుంది. మేస్త్రీ జాలి ముఖం పెట్టి ఇచ్చాడు. వాడి జాలి తగలెయ్య!

కంట్రాక్టరు పడవ చూడ్డానికి వచ్చిన రోజున, ఇంజను పక్కనున్న ఇరుకు సందులోకి దూరి చెంచురామయ్య గొప్పలు చెబుతున్నాడు. ఖాజాబీ వచ్చి సందుకు అడ్డంగా నిలబడింది. ఆవిరి వదిలే చక్రం మీద చెయ్యేసింది.

"నిన్న నేను నీళ్ళు దించలేదు మేస్త్రీ. ఇప్పుడు తిప్పతా ఉండాను."

వాడి ముఖం పాలిపోయింది. "వద్దు తల్లీ! పగిలిపోద్ది!"

"ఆయన దించి ఇంటికొచ్చినాడు. ఆ సాయంత్రమే నీ బావమరుదులు పడవెక్కినారని ఈ రేవులో పనికొచ్చినాకనే విన్నాను. పెట్టెలోకి మళ్ళీ నీళ్ళు ఎట్లా వచ్చినాయి?" చక్రం కొద్దిగా కదిలింది.

"నేనే! వాళ్ళకు చూపిద్దామని ఇంజను తిప్పినాను. నీళ్ళు దించడం మరిచినాను. భయమేసి వాడి మీదికి తోసినాను!"

కంట్రాక్టరు విన్నాడు. మేమందరం విన్నాం. ఖాజాబీ చక్రం వదిలి, వంగి కొళాయి విప్పి, కింద తెల్లగుడ్డ పట్టింది. ఒక్క చుక్క రాలేదు. నిన్న సాయంత్రమే అంతా దించేసింది.

"చంపేస్తావనుకున్నానమ్మా" అన్నాను.

"చంపితే మా అత్తకు ఎవురు చెబుతారన్నా?"

మర్నాడు వాణ్ణి ఉదయగిరికి నడిపించింది. పారిపోకుండా మేం నలుగురం వెనక నడిచాం. అంతకన్నా మా తప్పు దిద్దుకునే దారి కనబడలేదు. దారిలో ప్రతి ఊళ్ళోనూ నిలబెట్టి, ఆ మాట వాడి నోటితోనే చెప్పించింది.

మూడోనాడు చేరి తలుపు కొడితే మస్తాన్బీ తెరిచింది. "మీవోడు తాగలేదమ్మా. తప్పు నాది" అన్నాడు చెంచురామయ్య.

ముసలామె గడప మీద కూర్చుంది. "ఇంకోసారి చెప్పు."

చెప్పాడు.

"ఇంకోసారి."

పొద్దు వాలేదాకా చెప్పించుకుంటూనే ఉంది. చాలని ఖాజాబీ అనలేదు.