మా పేపర్‌లో నాలుగో పేరు

నిన్న పొద్దున కాలేజీకి బయల్దేరుతుంటే రాజయ్య కాక కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, బాపు పోయిండు" అన్నాడు.

"ఏ బాపు?" అని అడిగాను. అంత తెలివితక్కువ ప్రశ్న జన్మలో అడగలేదు.

గుండెపోటట.

రాజయ్య కాక మీలో చాలామందికి తెలియదు. తెలియాలి.

సిరిసిల్ల నుంచి చిన్న వయసులోనే సూరత్ వచ్చి, సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు, బాగుచేసే మాస్టర్ అయ్యాడు. అక్కడే డిండోలి అనే పేటలో ఇల్లు. మా రీసెర్చ్ టీమ్‌ని కార్ఖానాల్లోకి తీసుకెళ్లేది ఆయనే.

టీమ్ అంటే ముగ్గురం. టెక్స్‌టైల్ ఇంజనీర్ సార్, చెవి డాక్టర్ మేడమ్, సోషియాలజీ నుంచి నేను. సాంచాల చప్పుడుకి కార్మికుల చెవులు ఎంత దెబ్బతింటున్నాయో తేల్చాలి.

చప్పుడు కొలిచే సార్ మీటర్ ప్రకారం వాళ్ల చెవులు పోయి ఉండాలి. నా సర్వేలో మాత్రం అందరూ "మంచిగనే ఇనవడ్తది మేడం" అంటున్నారు.

నీ సర్వే ఉత్త కబుర్లు అని సార్. మీ మీటర్‌కి మనుషుల గురించి ఏం తెలుసు అని నేను. మీరిద్దరూ తేల్చుకునేదాకా టెస్టులు మొదలుపెట్టను అని డాక్టర్ మేడమ్.

ప్రాజెక్ట్ మూతపడేలా ఉంది.

ఆ మీటింగ్‌లో కాక నోరు విప్పాడు.

"సాంచాల కాడ ఏం ఇనవడది బిడ్డా. పెదవులు జూసే మాట్లాడుకుంటం. నువ్వేమో ఎదురుంగ కూసోని అడుగుతున్నవ్. జర నోటికి అడ్డం వెట్టుకోని అడుగు. ముందుగాల నన్నే అడుగు."

చున్నీ అడ్డం పెట్టుకుని "మీ ఊరేది కాకా?" అన్నాను.

నా కళ్లలోకి చూస్తూ కూర్చున్నాడు. గట్టిగా అడిగాను. జవాబు లేదు.

నాకు తల కొట్టేసినట్టయింది.

చప్పుడు విని సాంచా రోగం చెప్పాల్సిన మాస్టర్‌కి వినబడదంటే ఏ కార్ఖానా సేఠ్ ఉంచుకుంటాడు? అందుకే ఏళ్లుగా ఎవరికీ చెప్పకుండా, ఫ్రేమ్ మీద చెయ్యి పెట్టి అదురును బట్టి బాగుచేస్తున్నాడు. ఆ గుట్టు మా ముందు తనే విప్పేశాడు.

"నా ఎనుక వచ్చేటోళ్ల చెవులన్న మిగలాలె గద" అన్నాడు.

భయపడ్డట్టే, సంగతి తెలిసి సేఠ్ పని మాన్పించాడు. పదిహేను రోజులకే సాంచాలు మొరాయించడంతో, మళ్లీ ఆ సేఠే డిండోలికి వచ్చి పిలుచుకుపోయాడు. అది చెప్పుకుని కాక ఎంత నవ్వాడో.

ఆ తర్వాత మేం ముగ్గురం పోట్లాడుకోలేదని అనను. కానీ ఒకే బల్ల దగ్గర పనిచేశాం. మీటర్, చెవి టెస్ట్, నా ప్రశ్నలు, అన్నీ ఒకే మనిషికి ఒకే రోజు. అలా చెయ్యాలన్నది కూడా కాకే.

పేపర్ పంపేటప్పుడు ఆథర్ల లిస్టులో నాలుగో పేరు ఆయనది. ఆయన పేరు పక్కన డిపార్ట్‌మెంట్ అన్నచోట ఏం రాయాలో తోచక నేను ఆగితే, సార్ కీబోర్డ్ లాక్కుని "సాంచాల మాస్టర్" అని కొట్టారు.

నిన్న సాయంత్రం పాడె లేపుతుంటే సార్ వచ్చి కాక కొడుకు పక్కన భుజం పట్టారు.

మీకేమవుతారని ఎవరో అడిగారు.

"నా కో-ఆథర్" అన్నారు సార్.

నాకూ అంతే కాకా. గర్వంగా చెప్పుకుంటాను.

చాలా కష్టపడ్డావు. ఇక హాయిగా పడుకో.