దొరసాని చేతికి బిగిసిన గాజు

నాకు పద్దెనిమిదేళ్లప్పుడు, ఫ్రెంచివారి పాలనలో, పుదుచ్చేరి సముద్రపు ఒడ్డున మట్టిపాత్రలకూ గాజు సామానుకూ ప్రదర్శన పెట్టారు. నెలరోజులు తిరిగి అందులో చోటు సంపాదించిన మా అత్తకు సరిగ్గా అది మొదలయ్యే రోజే జ్వరం వచ్చింది. ఆమె గాజుల దుకాణంలో ఆమె బదులు నేను కూర్చున్నాను.

ప్రదర్శన నడిపే గుమాస్తా ముందే హెచ్చరించాడు: "గాజులు చూపించేదే, తొడిగేది లేదు! దొరసానుల చెయ్యి ముట్టుకుంటే దుకాణం ఎత్తేస్తా."

కాసేపటికి పెద్దదొర భార్య తనే వచ్చి చెయ్యి చాచింది. ఎర్రగాజు ఎక్కించబోతే బొటనవేలి కణుపు దగ్గర బిగిసిపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. అక్కడ వాయిస్తున్న బ్యాండు ఆగిపోయింది. జనమంతా మా చుట్టూ చేరారు.

"ఏంది పాపా ఇది! పగలగొట్టు!" అని గుమాస్తా అరిచాడు.

"ముత్తైదువ చేతి గాజు నేను పగలగొట్టను సామీ. సబ్బు యాడుందో చూడండి," అన్నాను.

సబ్బు రాసి, వేళ్లు దగ్గరికి నొక్కి మెల్లగా తోశాను. గాజు జారి మణికట్టు మీద కూర్చుంది. దొరసాని మురిసిపోయి రెండో చెయ్యి చాచింది.

మర్నాడు నా ముందు దొరసానుల వరుస. "గాజులు తొడిగించాలన్నది నా యోచనే," అని గుమాస్తా అందరికీ చెప్పుకున్నాడు. చివరిరోజు ఆ యోచనకు పతకం ఆయనకే ఇచ్చారు. నాకు దక్కినవి, గాజు ఎక్కించేముందు చెయ్యి పిసికి కొలత చూడనందుకు అత్త పెట్టిన చీవాట్లు. ఆయన పతకం ఏమైందో తెలియదు గానీ, ఆ చీవాట్లు నేర్పిన పాఠంతోనే నేను జీవితమంతా గాజులమ్ముకుని బతికాను.